పద్మ ఆంటీ పాదాలు

మంగళవారం, ద్వారక

పద్మ ఆంటీ ఇవాళ మా మెడికల్ షాపుకి గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది. ఒక కాలికి చెప్పు లేదు. "ఇంకో చెప్పు ఏది ఆంటీ?" అంటే కిందికి చూసుకుని బిత్తరపోయింది. ఎక్కడ జారిపోయిందో తెలియనే లేదట.

బరువు తగ్గడానికి ఆంటీ పొట్ట ఆపరేషన్ చేయించుకుంది; ఆ తర్వాత విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. డాక్టరూ చెప్పారు, నేనూ చెప్పాను. కొన్ని నెలలుగా కొనడానికి రావట్లేదేమని అడిగాను.

"సన్నబడ్డావు కదా, ఇంకా మందులెందుకని మా ఆయన మానిపించారమ్మా. కాళ్ళ తిమ్మిర్లు వాటంతటవే పోతాయనుకున్నా."

షాపు పార్ట్‌నర్‌కి అప్పగించి, ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. విటమిన్లు అందక నరాలు దెబ్బతిన్నాయన్నారు. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కాళ్ళకి మళ్ళీ పూర్తిగా స్పర్శ వస్తుందా అంటే చెప్పలేమన్నారు. వాళ్ళాయనతో రేపు నేనే మాట్లాడాలి. ఏమని మొదలుపెట్టాలో...

తిరిగొచ్చేటప్పుడు ఆటో కుదుపులకి ఆంటీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "భయ్యా, ధీరే చలో" అని ఆటో అతన్ని మెల్లగా పోనిమ్మన్నాను.

"ఈ ఏడాదే అందరూ నన్ను బాగున్నావన్నారమ్మా. జన్మలో మొదటిసారి," అని నవ్వింది.

నేను రోడ్డు వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.