పచ్చిక కోసం కట్టేయని నీళ్ళు

డిసెంబర్ 9

కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం మీటింగ్ నుంచి ఇప్పుడే వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది.

గేటు దగ్గర బ్యాక్‌ఫ్లో వాల్వు సంగతే. తోటకి వెళ్ళిన నీళ్ళు తిరిగి తాగే నీళ్ళల్లో కలవకుండా ఆపే ఇత్తడి వాల్వు. నేలకి మోకాలెత్తున చలిలో నిలబడి ఉంటుంది. గేటు పచ్చికకీ, వెనకాల మా కూరగాయల తోటకీ అదొక్కటే దిక్కు. కిందటి చలికాలం పగిలింది. ఇంకోసారి పగిలితే తోట గొట్టం శాశ్వతంగా మూసేస్తామని అప్పుడే తీర్మానం చేశారు. పచ్చికకి మాత్రం వేరే లైన్ వేసుకుంటారట. అంటే పగిలినా వాళ్ళకి పోయేదేమీ లేదు.

నేను అడిగింది ఒక్కటే. ఈ చలికాలం నీళ్ళు కట్టేసి వాల్వు ఖాళీ చేయండి అని. కుదరదట. టెక్సాస్‌లో గడ్డి చలికి ఎండిపోతుంది కాబట్టి దానిమీద చలికాలంలోనూ పచ్చగా ఉండే రై గడ్డి విత్తనాలు చల్లారు. క్రిస్మస్‌కి గేటు దగ్గర పచ్చగా కనపడాలి. అందుకని రోజూ తెల్లవారుజామున స్ప్రింక్లర్లు తిరగాల్సిందే.

"ప్రతిదానికీ విప్లవం లేపకు కొరీన్. వాల్వు మీద రాయి పెట్టాం కదా" అన్నాడు ప్రెసిడెంట్ డ్వైట్ హచెన్స్.

"అది రాయి కాదు, రాయిలా కనపడే బోలు ప్లాస్టిక్ మూత, డ్వైట్. దానికింద వెచ్చగా ఉండేది సాలీడొక్కటే" అన్నాను.

అందరూ నవ్వారు. నవ్వి, అతనికే ఓటేశారు. నా వైపు లేచింది తోటలో నా పక్క మడి వెర్నా చెయ్యి ఒక్కటే.

డిసెంబర్ 10

పేపర్‌కి ఉత్తరం రాశాను. మూడు పేజీలు.

డిసెంబర్ 17

రేపు రాత్రికి పన్నెండు డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పడిపోతుందట. ముప్పై రెండు దగ్గరే నీళ్ళు గడ్డకడతాయి. మా సంఘం పరిధిలో మాత్రం కట్టవు కాబోలు.

డ్వైట్‌కి ఫోన్ చేశాను. "ఒక్క రాత్రే కదా. రాయి కింద ఓ తువ్వాలు పెట్టుకో, నేను చూడనట్టు ఉంటాలే" అన్నాడు. దయ చూపిస్తున్నాడు. కడుపు నిండా నీళ్ళున్న ఇత్తడికి తువ్వాలు చుడితే ఏమవుతుంది? తువ్వాలు చుట్టుకుని మరీ పగులుతుంది.

వెర్నాకి డెబ్బై దాటాయి. కారు నడపడం మానేసింది. దగ్గర్లో ఉన్న ఒక్క కూరగాయల కొట్టూ మూసేశారు. ఆవిడ తినే ఆకుకూర ఆవిడ మడిలోదే. దాన్ని ఈ దేశంలో హాబీ అంటారు. చూడ్డానికి మాత్రమే పెంచే గడ్డిని ఆస్తి అంటారు.

ఇదంతా ఆవిడకే వినిపించాను. "బాగా చెప్పావమ్మా. నీ ఉత్తరం కూడా బావుంది. కానీ వాల్వుకి చదువు రాదు కదా" అంది.

డిసెంబర్ 18, సాయంత్రం నాలుగు

నేనే కట్టేశాను. పట్టపగలు, అందరూ చూస్తుండగా.

మీటరు పక్క పెట్టెలో నీళ్ళు ఆపి, వాల్వుకున్న చిన్న కుళాయిలన్నీ తెరిచాను. లోపలి నీళ్ళు బొటబొటా కారిపోయాయి. హ్యాండిళ్ళు సగంలో వదిలేశాను, మూలల్లో మిగిలిన తడి ఉబ్బినా చోటుంటుందని. తర్వాత నా పాత స్వెట్టర్ చుట్టాను. వెర్నా మడతకుర్చీ తెచ్చుకుని కూర్చుని, "నువ్వు జైలుకి పోతే నీ పిల్లిని నేను చూడను, ముందే చెప్తున్నా" అంది.

డ్వైట్ పికప్ ఆపాడు.

"అది సంఘం ఆస్తి."

"సంఘంలో నేనూ ఉన్నాను."

"రూలు తెలుసుగా. సంఘం సామాను ముట్టుకున్నవాళ్ళకి తోటలో మడి పోతుంది."

"పోనీ."

డిసెంబర్ 19

పక్క వీధుల్లో వాల్వులు పగిలి రోడ్డంతా మంచుగడ్డ. మాది నిలిచిందో లేదో నీళ్ళు వదిలితేగానీ తెలీదు. విచారణ అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదట.

జనవరి 6

సంఘం ముందు నా విచారణ. ఎండిన పచ్చిక ఫొటోలు గోడమీద వేసి చూపించారు, శవాన్ని చూపించినట్టు. వసంతం దాకా నీళ్ళు వదలరట. చచ్చిన గడ్డికి నీళ్ళెందుకని. పోనీ, మిగతా చలికి కూడా వాల్వు ఖాళీగానే ఉంటుంది.

క్షమాపణ చెప్తే మడి ఉంచుతామన్నారు. చెప్పనన్నాను. దేనికి చెప్పాలి? వాళ్ళ సామాను పగలకుండా కాపాడినందుకా? ఈ సంఘాలకి జరిగిన నష్టంతో పనిలేదు. తలవంచారా లేదా, అంతే.

బయటికొచ్చాక వెర్నా నామీదే విరుచుకుపడింది. "సారీ అంటే పళ్ళు రాలతాయా? నువ్వు నా పక్క మడిలో ఉండాలి. ఇప్పుడు నేనెవరితో పోట్లాడను?"



ఫిబ్రవరి 2

వెర్నా మా గుమ్మంలో వాననీళ్ళకే బతికిన ఆకుకూర కట్ట పెట్టి వెళ్ళింది. బెల్ కొట్టలేదు.

మార్చి 14

ఇవాళ నీళ్ళు వదిలారు. వాల్వు ఎక్కడా చుక్క కూడా కారలేదు. వెర్నా తన మడికి గొట్టం పట్టింది.

నా మడి ఎవరో కొత్తాయనకిచ్చారు. టమాటా మొక్కలు మరీ దగ్గరదగ్గరగా నాటుతున్నాడు. కంచె బయట నిలబడి ఆ మాట చెప్పాను. వినిపించుకోలేదు.

మళ్ళీ చెప్పాను.