బాబాయ్‌కి భయమేసింది

సెప్టెంబర్ 11
బాబాయ్ పోయాడు.

సెప్టెంబర్ 13
మొన్న ఆ రెండు మాటలు రాశాక మళ్లీ పెన్ను పట్టుకోలేకపోయాను. తాడు ఒరుసుకుని రెండు అరచేతులూ లేచిపోయాయి. బ్యాండేజీలు వేశారు.

స్టేషన్‌లో ఆయన హెడ్ కానిస్టేబుల్. ఇన్‌స్పెక్టర్ గారితో సహా అందరికీ బాబాయే. నేను పెట్రోల్ జీపు డ్రైవర్‌ని. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నా పక్క సీటు ఆయనది. నడిచి వెళ్లినా ఈపాటికి టీ తాగేసి వచ్చేవాళ్లం తల్లీ, అని నా డ్రైవింగ్‌కి రోజూ వంక పెట్టేవాడు.

జరిగింది రాసేస్తాను. రైల్వే అండర్‌పాస్‌లో వాన నీళ్లకి ఒక కారు ఇరుక్కుంది. లోపల అన్నాచెల్లెళ్లు. ఫైరింజన్ ట్రాఫిక్‌లో ఎక్కడో ఉంది. చూస్తుండగానే నీళ్లు కారు కిటికీల దాకా వచ్చేశాయి. బాబాయ్ బూట్లు విప్పి, తాడు నడుముకి కట్టుకున్నాడు. నాకు భయమేస్తోంది తల్లీ, నువ్వు మాత్రం వదలకు, అన్నాడు. చెల్లెల్ని తెచ్చాడు. అండర్‌పాస్ మెట్ల మీద కూలబడి కాసేపు రొప్పాడు. మళ్లీ దిగాడు.

తాడు బరువెక్కింది. లాగాను. బాబాయ్ వచ్చేస్తున్నాడని ఎంత సంతోషం వేసిందో! పైకి వచ్చింది ఆ అన్న. బాబాయ్ తన తాడు విప్పి అతనికి కట్టేశాడు. అంతలోనే పక్కగోడ ఆయన మీద కూలింది.

మర్నాడు పొద్దున దొరికాడు.

సెప్టెంబర్ 16
ఇన్‌స్పెక్టర్ గారు పిలిచి సంస్మరణ సభలో నువ్వే మాట్లాడాలన్నారు. ఏం మాట్లాడాలో టైప్ చేయించి ఇచ్చారు. భయమన్నది ఎరుగని ధీరుడు, అని మొదలు.

జీపులో కూర్చుని చదివాను. నవ్వొచ్చింది. భయం ఎరగడట, మా బాబాయ్! కుక్క ఉన్న ఇంటికి సమన్లు ఇవ్వాలంటే నన్ను ముందు నిలబెట్టి, లేడీస్ ఫస్ట్ అనేవాడు. ఇంజెక్షన్ సూది చూస్తే కళ్లు తిరిగేవి. డ్యూటీ ఆలస్యమైతే పిన్నికి ఫోన్ నాచేత చేయించేవాడు. నవ్వుతూ నవ్వుతూ ఉంటే ఏడుపు తన్నుకొచ్చింది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను.

సెప్టెంబర్ 18
పిన్నిని చూడ్డానికి వెళ్లాను. సింక్ దగ్గర నిలబడి కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతోంది. కుర్చీ వీపుకి బాబాయ్ ఖాకీ చొక్కా, ఇస్త్రీ మడత నలగకుండా. కూతురు చిట్టి భోజనాల బల్ల కింద కూర్చుని ఉంది. బయటికి రమ్మంటే రాలేదు.

వచ్చినవాళ్లందరూ, మీ నాన్నకి భయమంటే తెలీదమ్మా, నువ్వూ అలాగే ఉండాలి, అంటున్నారట. అదేమో లైటు తీస్తే వణికిపోతోందట. వానపడితే చెవులు మూసుకుంటోందట. నేను నిజంగా నాన్న కూతురినేనా అని అడిగిందట. పిన్ని ఇదంతా గిన్నెల వైపు చూస్తూ చెప్పింది.

తర్వాత, ఆఖర్న ఏమన్నాడే, అంది. మాట మార్చేశాను. ఉన్నమాట చెబితే పోయినవాడి పరువు తీసినట్టవుతుందేమో.

సెప్టెంబర్ 19
ఆ మొదటి లైను తీసేయనా సార్ అని అడిగాను. పైనుంచి పెద్దవాళ్లు వస్తున్నారు, ఉన్నదున్నట్టు చదివెయ్, అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు. తలుపు దాకా వచ్చాక వెనక్కి పిలిచారు. భయపడ్డాడా, అని అడిగారు. అవును సార్, అన్నాను. కళ్లజోడు తీసి తుడుస్తూ కూర్చున్నారు.

సెప్టెంబర్ 21, సాయంత్రం
సభ అయిపోయింది.

మైకు దగ్గర కాగితం తీశాను. ముందు వరసలో చిట్టి, తల వంచుకుని. కాగితం మడిచేశాను.

బాబాయ్‌కి భయమేసింది, అన్నాను. నాతో చెప్పాడు. రెండోసారి దిగేటప్పుడు ఇంకా ఎక్కువ భయమేసింది, ఆ నీళ్లు ఎలాంటివో అప్పటికి తెలిసిపోయింది కాబట్టి. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అయినా దిగాడు. కుక్కల సంగతి కూడా చెప్పేశాను. వెనక వరసల్లో మావాళ్లు పకపకా నవ్వారు. నవ్వుతూనే టోపీలు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు. పెద్ద ఆఫీసర్ గారు మాత్రం మొహం గంటుపెట్టుకున్నారు.

అప్పుడు ఆ అన్న లేచాడు, బతికి బయటపడ్డవాడు. తాడు కడుతూ నాతో కూడా చెప్పాడండీ, అన్నాడు. నాకూ భయంగానే ఉంది నాయనా, నువ్వు కాళ్లాడించు, అన్నాడట.

బయట చిట్టి నా దగ్గరికొచ్చింది. నాన్న ఎంత వణికాడక్కా, అని అడిగింది. చేతులు వణికించి చూపించాను. చాలాసేపు చూసింది. నేను ఇంకా ఎక్కువ వణుకుతాను, అంది. వాళ్లమ్మ కొంగులో మొహం పెట్టుకుని, అప్పుడు ఏడ్చింది. నాన్న పోయాక అదే మొదటిసారట.

పిన్ని నా భుజం పట్టుకుంది. పొద్దుట్నుంచీ వీళ్లంతా ఎవరి గురించి మాట్లాడుతున్నారో అర్థం కాలేదే, నువ్వు చెప్పాక మా ఆయన కనిపించాడు, అంది.

సెప్టెంబర్ 23
సంజాయిషీ ఇమ్మని పైనుంచి మెమో. ఇన్‌స్పెక్టర్ గారు, నేను చూసుకుంటాలే పో, అన్నారు.

సెప్టెంబర్ 30
మళ్లీ డ్యూటీ. పక్క సీట్లో కొత్త కానిస్టేబుల్. నాకన్నా చిన్నవాడు. సిగ్నల్ దగ్గర అలవాటు కొద్దీ, బాబాయ్, అటువైపు ఏమైనా వస్తోందా చూడు, అన్నాను.

ఏమీ రావట్లేదక్కా, పోనీ, అన్నాడు.

పోనివ్వలేకపోయాను.