బోర్లించిన పడవ

శ్రీకాకుళం జిల్లా తీరం, 2017 ఆగస్టు 19, శనివారం రాత్రి.

నిద్ర పట్టక రాస్తున్నాను. మా పక్కింటి పోలమ్మ మొగుడు అప్పన్న పెద్ద పడవ మీద వేటకెళ్లాడు. మధ్యాహ్నానికి రావాల్సినవాడు, ఇంకా ఒడ్డుకు చేరలేదు.

నా మనవరాలు శాంతి ఒక పాత విషాద నాటకాన్ని సినిమాగా తీస్తోంది. వచ్చిన హెచ్చరికను రాజు పెడచెవిన పెట్టడంతో నగరమంతా సముద్రంలో కలిసిపోయే కథ. "సముద్రం ఏటేటా పెరుగుతోంది, రేపు మనుషులందరి గతీ ఇదే అమ్మమ్మా, జనం చూసి భయపడాలి," అంటుంది. ఆఖరి దృశ్యానికని పోలమ్మ వాళ్ల చిన్న పడవ అడిగి తీసుకుని, ఈ ఉదయం ఇసుకలో బోర్లించింది. మగవాడు సముద్రం మీద ఉండగా ఆ ఇంటి పడవను బోర్లించకూడదని దీనికి తెలియదు. బోర్లించవచ్చా అని ఎవరినీ అడగనూ లేదు.

సాయంత్రం పోలమ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"లోకం మునిగిపోతాదని సెప్పడానికి మా పడవే దొరికినాదేటి పాపా? ముందు మా ఇల్లు ముంచేస్తావా?"

"అది ఉత్త నమ్మకం పోలమ్మా," అంది శాంతి.

"నోరు ముయ్యవే," అన్నాను శాంతితో.

శకునాలు నేనూ నమ్మను. కానీ ఇంకా పుట్టని మనుషుల కోసం అంత బెంగపడే పిల్లకి, ఎదురుగా వణుకుతున్న మనిషి కనబడలేదు. అలాంటివాళ్లు తీసే సినిమా రేపు ఎవరిని కాపాడుతుందో... గాలి కూడా పెరుగుతోంది.

జరగవలసినవి:

1. శాంతి పోలమ్మ ఇంటికెళ్లి తప్పయిందని చెప్పాలి. నమ్మకాల గురించి ఒక్క మాటా ఎత్తకూడదు.
2. పడవ బోర్లించిన దృశ్యానికి పోలమ్మ ఒప్పుకోకపోతే దాన్ని సినిమాలోంచి తొలగించాలి.
3. ఈ రెండింటికంటే ముందు అప్పన్న రావాలి.