యాదగిరన్న లాగిన్

నాచారం, జూలై 2009, మంగళవారం

యాదగిరన్న రిటైరై మూడు నెలలైంది. మేడిపల్లిలో ఇల్లు కట్టించుకుంటున్నాడు. మా మందుల కంపెనీ ల్యాబ్ కంప్యూటర్‌లో మాత్రం రోజూ డ్యూటీకి వస్తూనే ఉన్నాడు. ఆయన పాస్‌వర్డ్ అందరికీ తెలుసు కాబట్టి మందుల పరీక్షలన్నీ ఆయన పేరు మీదే ఎక్కుతున్నాయి. బస్సు సీట్లో కర్చీఫ్ వేసినట్టు, ఒక షిఫ్టు వాళ్లు ఆ లాగిన్ తెరిచిపెట్టి తర్వాతి షిఫ్టుకు వదిలి వెళ్తారు.

రేపు ల్యాబ్ రికార్డుల ఆడిట్. అందరికీ వేరువేరు పాస్‌వర్డ్‌లు ఉన్నాయని రాసిన కాగితం మేనేజర్ సార్ నా ముందు పెట్టారు. కంప్యూటర్లు చూసేది నేను కాబట్టి సంతకం నాదే కావాలి. తేదీ మాత్రం ఏప్రిల్‌ది, అప్పటి నుంచే అలా ఉన్నట్టు.

"జర సంతకం పెట్టు సరితా. అంతట గిట్లనే నడుస్తది."

"మందు ఖరాబైతే ఎవరిని అడుగుతరు సార్? యాదగిరన్ననా?"

"గంత ఫికర్ నీకెందుకు? నీ పని నువ్వు జేస్కో."

చేశాను. ఇంటికి వచ్చే ముందు యాదగిరన్న లాగిన్ మూసేసి, ల్యాబ్‌లో ఒక్కొక్కరికీ సొంత లాగిన్ తెరిచాను. ఏప్రిల్ కొట్టేసి, ఈ రోజు తేదీ వేసి సంతకం పెట్టాను.

ఇంటికొచ్చి యాదగిరన్నకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. "అన్నా, నీ డ్యూటీ ఇయ్యాల్టితోని అయిపోయింది," అంటే నవ్వాడు. తర్వాత అడిగాడు: "గిన్ని రోజులు ఏదన్న తప్పయితే నా మీదికే వస్తుండెనా చెల్లే?"

రేపు ఆడిటర్ అడిగితే ఆ మూడు నెలల సంగతి కూడా చెబుతాను. నౌకరి పోతే పోనీ. పోయినా నా పేరు మీదే పోతుంది.