పెట్రోలులో నీళ్లు

తొండియార్‌పేట, మద్రాసు
బుధవారం

అన్నయ్యకు నమస్కారాలు. అమ్మ ఆయాసం తగ్గిందా? వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. చేతికి వేసిన నాలుగు కుట్లు విప్పేశారు. నిజంగా నాకేం కాలేదు. వదిన ఊరగాయ పంపుతానంది, ఇప్పుడొద్దు. అన్నం సయించడం లేదు.

జరిగింది రాస్తాను. వారం రోజుల వానకు మద్రాసుకు ఉత్తరాన ఉన్న ఊళ్లు మునిగాయి. పైనుంచి ఫొటోలు తెమ్మని మా పేపరు వాళ్లు చెప్పారు. దామోదరమని చింతాద్రిపేట మనిషి, తెలుగువాడే, ఇద్దరు పట్టే విమానం నడుపుతాడు. బయల్దేరేముందు గాజుసీసాలోకి కాస్త పెట్రోలు వదిలి, అడుగున నీళ్లు చేరాయేమో చూడడం అతని అలవాటు. నీళ్లుంటే గాల్లో ఇంజను ఆగిపోతుంది. ఆరోజూ సీసా చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురు పోతోందని నేను తొందరపెట్టాను.

"మీ పేపరోళ్లకి దేవుడు కూడా అర్జెంటుగానే కనపడాల సార్," అని నవ్వాడు. "సరి, ఎక్కండి." సీసా పక్కన పెట్టేశాడు.

తిరువొత్తియూరు మీద ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కింద సముద్రపొడ్డు ఇసుకలో జాలర్లు వలలు ఆరేస్తున్నారు. వాళ్లను తప్పించి నీటి అంచున దించాడు. ముక్కు ఇసుకలో దిగబడి విమానం తిరగబడింది. నేను నడిచి బయటికొచ్చాను. అతన్ని మోసుకొచ్చారు. వెన్ను విరిగింది. ఇక నడవడని డాక్టరు చెప్పాడు.

విచారణకొచ్చిన అధికారి, ట్యాంకులో నీళ్లు దొరికాయని చెప్పి, "ఎగిరేముందు పెట్రోలు చూశాడా?" అని అడిగాడు. చూడలేదన్నాను. ఎందుకు చూడలేదని అడగలేదు. నేనూ చెప్పలేదు. తప్పంతా దామోదరానిదేనని తేల్చారు.

సోమవారం మళ్లీ ఆ అధికారి దగ్గరికి వెళ్లి, తొందరపెట్టింది నేనేనని చెప్పాను.

"తొందరపెట్టడం నేరం కాదండీ. వినకుండా ఉండాల్సింది ఆయన," అన్నాడు. కాగితాలు అప్పటికే పైకి వెళ్లిపోయాయి. పోనీ పేపర్లో రాస్తానంటే మా ఎడిటరు ఒప్పుకోలేదు.

ఆసుపత్రికి వెళ్లి దామోదరానికి అంతా చెప్పాను. "ఎవరో ఒకరు తొందరపెడతానే ఉంటారు సార్. సీసా నా చేతిలోనే ఉండె గదా," అన్నాడు. మళ్లీ తనే, "ఆడ వలలోళ్లకి ఏం కాలేదు గదా?" అన్నాడు. అతని భార్య కాఫీ ఇచ్చింది.

ఇరవై ఏళ్లుగా చూసింది రాసి బతుకుతున్నాను. ఇది మాత్రం నీకు తప్ప ఎక్కడా రాయడానికి లేకపోయింది. అమ్మకు చదివి వినిపించొద్దు. కానీ ఉత్తరం చించకు, పెట్టెలో దాచు. దామోదరానికి ఆరేళ్ల కూతురుంది. పెద్దయ్యాక ఎప్పటికైనా నన్ను వెతుక్కుంటూ నీ దగ్గరికొచ్చి, వాళ్ల నాన్నకేం జరిగిందని అడిగితే చూపించు.

అమ్మకు, పెద్దలకు నా దండాలు చెప్పు. ఆశీస్సులు అడగడానికి నోరు రావడం లేదు.

నీ తమ్ముడు,
రాఘవులు