తుమ్మితే ఆగిన రాక్షసబల్లి

కెంజీ,

ఈ ఉత్తరం రాయడం దండగనుకున్నాను. పోయినవాడి మీద అసూయేమిటని మా ఆవిడ తిట్టింది కూడా.

ఆస్ట్రేలియా వచ్చిన కొత్తలో ఈ టూవూంబాలో ఒకే గదిలో ఉంటూ నువ్వు యూనివర్సిటీకి, నేను బేకరీ పనికి వెళ్ళేవాళ్ళం. ఆ బేకరీ కథ వేరే ఉంది, వద్దులే. బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే నేను ఆగి, కూర్చుని, మంచినీళ్ళు తాగి కదిలేవాణ్ణి. నువ్వు పగలబడి నవ్వేవాడివి. తర్వాత జపాన్ వెళ్ళి రాక్షసుల సినిమాలు రాసి పేరు తెచ్చుకున్నావు.

నిన్న నీ జ్ఞాపకార్థం ఇక్కడి లైబ్రరీలో నీ సినిమా ఒకటి వేశారు. ఊరు తొక్కబోయిన రాక్షసబల్లి, ఎవరో తుమ్మగానే కొండ మీద కూర్చుని, చెరువు నీళ్ళు తాగింది. ఇన్నేళ్ళుగా తుమ్ము సంగతి నేను చెబితే ఆవలించినవాళ్ళే చప్పట్లు కొట్టారు.

"తాతా, దట్స్ సో యూ!" అంది మనవరాలు.

"తుమ్ము నాది, పేరు వాడిది," అన్నాను.

ఇంటికి వెళ్దామని లేవబోతుంటే వెనక ఎవరో తుమ్మారు. మళ్ళీ కూర్చున్నాను. మనవరాలు నీళ్ళ సీసా ఇచ్చింది.