నేల మీద పెట్టిన రంపె

కరుణమ్మా,

నువ్వు బాయికాడి నుంచి వచ్చేలోపే బయలుదేరుతున్న. బర్రెకు కుడితి పెట్టిన. మిషను దొరసాని ఇచ్చిన మడతచాకు గూట్లనే ఉన్నది, దానితోని ఏమీ కొయ్యకు. పొద్దున చెప్పు వారు తెగితే, అతుకుకు తోలుముక్క కోద్దామని ఆ చాకు పట్టిన. అది మడతపడి నా వేలే కోసింది. ఫికర్ చేయకు, పసుపద్దిన.

మూటల మీ బాపు తోలు కోసిన రంపెనే తీసుకపోతున్న. చివరికి తోలు దానితోనే తెగింది.

నిన్న సువార్తకు తోడొచ్చే పేతురన్న ముందట నువ్వు ఆ రంపెను నా చేతికియ్యలేదు. కత్తి చేతికిస్తే కొట్లాటైతదంటరని నేల మీద పెట్టినవు. అయినా కొట్లాట నేనే పెట్టుకున్న. "తోలు కోసే కత్తి చూస్తే మనమెవలమో ఊరూరికి తెలుస్తది, ఇంక మన వాక్యం ఎవడింటడు" అన్న. నువ్వు దాన్ని కొంగుతోని తుడిచి మళ్ల అక్కడనే పెట్టినవు. మీ బాపు చేతిల ఆ రంపె ఆడితేనే గదా నువ్వు బడికి పోయినవు, ఇయ్యాల ఈ చీటీ చదువుతున్నవు. నీ మొఖం చూసే ధైర్యం లేక ఇట్ల రాసిపెట్టి పోతున్న.

పరిగి దాకా సువార్త చెప్పుకుంట నడక. ఆదివారానికల్ల వస్త.

సాముయేలు

ఇంకొక మాట. రంపెను దుప్పట్ల చుట్టి మూట అడుగున పెట్టిన. దారిల చేవెళ్లల ఆగినప్పుడు వంటకాడ ఎవలన్న కత్తి అడిగితే పైకి తీస్తనో లేదో నాకే తెల్వదు.